కామేశ్వరి మేడం, పాత గడ్డి మిషన్

నిలవ ఉన్న పెట్రోలుకు ఒక పులిసిన వాసన ఉంటుంది. నిన్న పొద్దున సూరత్ దగ్గరి కామ్‌రేజ్ అవతలి ఒక హౌసింగ్ సొసైటీ వాళ్ళు, చాలాకాలంగా వాడకుండా మూలన పడేసిన గడ్డి కోసే మిషన్‌ని టెంపోలో వేసి నా షెడ్డుకు పంపారు. ట్యాంకు మూత తిప్పగానే ఆ వాసన గుప్పుమంది. పాత వార్నిషు డబ్బాలో గంజి పోసి మరిచిపోయినట్టుండే వాసన అది, ముక్కులో చేరితే ఒక పట్టాన వదలదు. ఇలాంటి మిషన్లు ఎన్నో విప్పాను. అయినా ఆ వాసన తగిలినప్పుడల్లా నా భుజాలు బిగుసుకుంటాయి. వెనక ఎవరో చేతులు కట్టుకుని నిలబడి, నేను తర్వాత ఏం చేస్తానో అని చూస్తున్నట్టు అనిపిస్తుంది. అలా నిలబడి చూసే మనిషి కామేశ్వరి మేడం. ఆమె దగ్గర నేను పనిచేసింది కరోనా కాలంలోనే. అంతకుముందు ఆమె ఎవరో నాకు తెలియదు. కానీ ఈ రోజు నేను చేసే పనీ, చేసే తీరూ రెండూ ఆమె ఇచ్చినవే.

మాది సిరిసిల్ల పక్క పల్లె. ఇంటర్ తప్పి, ఊరివాళ్ళ వెంట సూరత్ వచ్చి మరమగ్గాల మీద పని నేర్చుకున్నాను. మా వైపు వాటిని సాంచాలు అంటాం. లాక్‌డౌన్ పెట్టిన రోజు సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. నవాగామ్‌లో మా గది చుట్టూ ఉన్నవాళ్ళు కొందరు నడిచి, కొందరు దొరికిన బండి ఎక్కి, మరికొందరు తర్వాత వేసిన రైళ్ళలో ఊళ్ళకు వెళ్ళిపోయారు. నా భార్య లావణ్యకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. దారిలో ఏదైనా అయితే ఎలా అనే భయంతో మేము కదలలేదు. ఖాళీ అయిన ఆ సందులో మా గది ఒక్కదాంట్లోనే పొయ్యి వెలిగేది. పాప పుట్టింది. సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి గానీ సగమే నడిచాయి, ఆ సగంలో నాకు చోటు దొరకలేదు. పర్వత్ పాటియాలో ఉండే మా ఊరి మనిషి ఒకతను, హజీరా వెళ్ళే దారిలో ఒక కంపెనీ కాలనీ ఉందనీ, అక్కడ తోటపనికి మనుషులు కావాలనీ, చూసుకునే ఆవిడ తెలుగావిడేననీ చెప్పాడు.

కామేశ్వరి మేడంకు అప్పటికి యాభై దాటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నూలు చీర కొంగు నడుముకు బిగించి, కాళ్ళకు కాన్వాస్ బూట్లు వేసుకునేవారు. మాస్కు వల్ల కళ్ళద్దాల మీద పొగమంచులా ఆవిరి పట్టేది, మాటిమాటికీ తీసి తుడుచుకునేవారు. ఆమెది సామర్లకోట. వాళ్ళ నాన్నగారికి అక్కడ పొలాల ఆయిల్ ఇంజన్లు బాగుచేసే దుకాణం ఉండేదట. పెళ్ళయి సూరత్ వచ్చారు. కంపెనీలో పనిచేసే భర్త చనిపోతే ఆ కాలనీ నిర్వహణ ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి తోటలూ, నీళ్ళ సరఫరా మొత్తం చూసుకునే అధికారి అయ్యారు. పిల్లలు లేరు. కాలనీ చివర క్వార్టర్‌లో ఒక్కరే ఉండేవారు.

నీకేం పని వచ్చు అని ఆమె అడిగినప్పుడు నా గొప్ప చెప్పుకున్నాను. "నడుస్తున్న సాంచెల పోగు తెగితె, సాంచె బందు చేయకుంటనే ముడేస్త మేడం. మా షెడ్డుల నా అంత జల్ది ఎవ్వలు వెయ్యకపోయేది" అన్నాను. అది అబద్ధం కాదు. సాంచె ఆగితే గుడ్డ తగ్గుతుంది, సేటు మొహం మారుతుంది. కాబట్టి ఆపకుండా పని చేయడమే మాకు తెలిసిన నేర్పు. మేడం కళ్ళద్దాలు తుడుచుకుంటూ నా చేతుల వైపు చూశారు. వేళ్ళన్నీ ఉన్నాయో లేదో చూస్తున్నారని నాకు అప్పుడు తెలియలేదు. "ఇక్కడ అలా చెయ్యకు. ఏదైనా సరే, ముందు ఆపు" అని మాత్రం అన్నారు. పని ఇచ్చారు.

కాలనీ తోట షెడ్డులో ఒక పాత గడ్డి మిషన్ ఉండేది. ఒకప్పుడు ఎరుపు రంగు, నేను చూసేనాటికి ఇటుక రంగుకు దిగింది. పట్టుకునే కడ్డీకి రెండుచోట్ల వెల్డింగు అతుకులున్నాయి. కొత్త మిషన్లలో కడ్డీ మీద ఒక పట్టీ ఉంటుంది, చేయి వదిలితే ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది. ఈ పాతదానికి అటువంటిది లేదు. మనం ఆపితేనే ఆగుతుంది. దాన్ని తుక్కుకు వేయమని ఆఫీసు నుంచి చాలాసార్లు కాగితాలు వచ్చాయట. కాంట్రాక్టర్లు తెచ్చే కొత్త మిషన్లు కాంట్రాక్టర్లతోపాటే వెళ్ళిపోతాయి, ఇది ఒక్కటే కాలనీ సొంతం అని చెప్పి ఆమె వేయనివ్వలేదు.

మొదటి వారంలోనే నేను దాన్ని పాడుచేశాను. కింద బ్లేడు చూద్దామని పక్కకు వంచితే, వంచాల్సిన వైపు కాకుండా రెండోవైపు వంచాను. ఇంజన్‌లోని ఆయిలంతా గాలి వడపోసే స్పాంజిలోకి దిగింది. తాడు లాగితే తెల్లటి పొగ తప్ప ఏమీ రాలేదు. పని పోయినట్టే అనుకున్నాను. మేడం వచ్చి చూశారు. ఆ స్పాంజి నా చేతనే విప్పించి, సబ్బునీళ్ళతో పిండించి, ఎండకు ఆరబెట్టించారు. అంతకన్నా ముందు చేయించిన పని ఒకటుంది. స్పార్క్ ప్లగ్ మీద టోపీలా కూర్చునే నల్లటి వైరును పీకించి, దాన్ని ప్లగ్గుకు దూరంగా, ఒక గుడ్డపేలికతో కడ్డీకి కట్టించారు. మిషన్‌ను తుడవాలన్నా సరే, ముందు ఆ వైరు తీసి కట్టాలి. అది ఆమె నియమం.

"మేడం, మిషన్ బందే ఉన్నది గద" అన్నాను ఒకసారి, విసుగ్గా.

"ఆగి ఉందని నువ్వనుకుంటున్నావు. బ్లేడు చేత్తో తిప్పితే ఇంజనూ తిరుగుతుంది. లోపల కాస్త పెట్రోలు మిగిలి ఉంటే నిప్పు అందుకుంటుంది. వైరు తీస్తే ఇక అంటుకోవడానికి ఏమీ ఉండదు" అన్నారు.

వివరం అర్థమైంది గానీ చేయి వినేది కాదు. వానలు పడే రోజుల్లో ఒక మధ్యాహ్నం, తడిగడ్డి కింద ఇరుక్కుని మిషన్ ఆగిపోయింది. మబ్బు కమ్ముకొస్తోంది. నేను గబగబా దాన్ని వంచి, అలవాటుగా చేయి లోపలికి పోనిచ్చాను. ఎక్కడి నుంచి వచ్చారో మేడం, నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగారు. మనిషికి మనిషి ఆరడుగుల దూరంలో నిలబడాలనే రోజులవి, ఆమె ఎవరినీ తాకేవారు కాదు. చేయి వదిలేసి, వానలో తడుస్తూ ఆఫీసు వైపు వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ రమణ్‌భాయ్ నన్ను పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. అతను భరూచ్ వైపు మనిషి, మేడం కన్నా ముందు నుంచి ఆ కాలనీలో ఉన్నాడు. కుడిచేయి ఎప్పుడూ జేబులో పెట్టుకునే ఉండేవాడు. ఆ రోజు తీసి చూపించాడు. మధ్య వేళ్ళు సగం నుంచి లేవు. ఇదే మిషన్, అన్నాడు హిందీలో. చాలా ఏళ్ళ కింద తోటమాలి అతనే. ఒక రోజు కంపెనీ పెద్దాయన ఎవరో కాలనీ చూడ్డానికి వస్తున్నారు. లాన్ సగమే అయింది. కొత్తగా సూపర్‌వైజర్ అయిన కామేశ్వరి మేడం వరండాలో నిలబడి త్వరగా కానివ్వమని కేకేశారు. మిషన్ గడ్డి పట్టి ఆగింది. అతను చేయి పెట్టి గడ్డి లాగాడు. బ్లేడు తిరిగింది, వేడిగా ఉన్న ఇంజన్ ఒక్కసారి అందుకుంది. ఆమె తన కొంగుతో ఆ చేయి చుట్టి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తర్వాత కంపెనీతో పోట్లాడి అతన్ని గేటు దగ్గర ఉద్యోగంలో ఉంచారు. చేయి పెట్టినవాణ్ణి నేను గనక తప్పు నాదేనంటాను, ఆవిడ తనదంటుంది, ఇన్నేళ్ళుగా ఇద్దరం ఎవరి మాట మీద వాళ్ళం ఉన్నాం అని రమణ్‌భాయ్ నవ్వాడు.

ఆ సంగతి మేడం నాతో ఒకే ఒక్కసారి మాట్లాడారు. చలికాలం. బ్లేడు విప్పి ఆకురాయితో పదును పెట్టి, గోడకు కొట్టిన మేకుకు దాని నడిమి కన్నాన్ని తగిలించి, ఏ వైపు బరువుందో చూస్తున్నాం. ఒక వైపు కిందికి వాలింది. ఆ వైపు ఇంకొంచెం అరగదీయమని చెబుతూ, ఉన్నట్టుండి అన్నారు. "ఆ రోజు నేను రెండుసార్లు కేకేశాను మల్లేశం. మొదటి కేకకి అతను తల తిప్పి చూశాడు. రెండో కేకకి చెయ్యి పెట్టాడు." ఆకురాయి నా చేతిలో ఆగిపోయింది. ఆమె మళ్ళీ బ్లేడు వైపు చూస్తూ, "కానివ్వు, నెమ్మదిగా" అన్నారు.

ఆ చలికాలమంతా నాకు నేర్పుతూనే ఉన్నారు. ఆయిల్ వేలి మీద వేసుకుని రంగు చూడటం, మిషన్ కొన్నాళ్ళు వాడమనుకుంటే ట్యాంకులో పెట్రోలు ఉంచకుండా ఖాళీ చేయడం, తాడు సగం దాకా మెల్లగా లాగి బరువు తగిలాక ఒక్కసారి గట్టిగా లాగడం. అన్నిటికన్నా ఎక్కువగా వినడం నేర్పారు. వాళ్ళ నాన్నగారు దుకాణంలో కళ్ళు మూసుకుని కూర్చుని, రోడ్డు అవతల మొదలైన ఇంజన్ రోగం ఇక్కడి నుంచే చెప్పేవారట. మేడం కూడా ఆఫీసు కిటికీలోంచి నా మిషన్ చప్పుడు విని, గాలి అందట్లేదు చూడు అని ఫోన్ చేసేవారు. ఆమె తరచూ వాడే మాట కంగారు. కంగారు పడకు, కంగారు పెట్టకు. మా వైపు పరేషాన్ అంటాం. మొదట్లో ఆ మాట వింటే నవ్వొచ్చేది.

రెండో విడత కరోనా వచ్చినప్పుడు నవ్వు పోయింది. నగరంలో ఆసుపత్రుల్లో మంచాలు లేవు. కాలనీ క్లబ్‌హౌస్‌లో మంచాలు వేసి, ఒక డాక్టరునూ కొందరు నర్సులనూ పెట్టి, కాలనీవాళ్ళనూ పక్క బస్తీవాళ్ళనూ అక్కడే చూడటం మొదలుపెట్టారు. తోటమాలీలు ఊళ్ళకు పోయారు. కాంట్రాక్టరు తన సామానుతో సహా తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. క్లబ్‌హౌస్ వెనక మైదానంలోకి ఎవరూ వెళ్ళకూడదన్నారు. నన్ను గేటు దగ్గర రమణ్‌భాయ్‌కి తోడుగా వేశారు. తోటలకు వాడేది శుద్ధిచేసిన మురుగునీరు. ఆ పైపులు మాత్రం ఎవరికీ పట్టనట్టు పారుతూనే ఉన్నాయి. గడ్డి ఎండాకాలంలోనూ ఏపుగా పెరిగింది. మిషన్ ట్యాంకులో పెట్రోలు అలాగే ఉండిపోయింది.

అంతలో మేడంకు జ్వరం పట్టుకుంది. నాలుగు బట్టలు సంచిలో పెట్టుకుని ఆమె తానే నడిచి క్లబ్‌హౌస్‌లోకి వెళ్ళారు. వెళ్ళేముందు గేటు బల్ల మీద షెడ్డు తాళంచెవి పెట్టి, దూరంగా జరిగి, నన్ను తీసుకోమని సైగ చేశారు. తర్వాత వెనక కిటికీ పక్క మంచం మీద ఆక్సిజన్ పెట్టారని నర్సు జిగ్నాబెన్ చెప్పింది. లావణ్యకు చెబితే, పాపను ఎత్తుకుని ఆ రోజంతా ఏమీ తినలేదు. మేడం ఇచ్చిన పనితోనే మా పొయ్యి వెలిగింది మరి.

ఆ తర్వాత తుపాను వచ్చింది. సముద్రం మీది నుంచి గాలి ఒక పగలంతా ఊపి ఊపి కొట్టింది, వాన ఆగకుండా పడింది. తెల్లారి చూస్తే ముందు గేటు నుంచి క్లబ్‌హౌస్‌కు వెళ్ళే రోడ్డు మీద పెద్ద గుల్‌మొహర్ చెట్టు అడ్డంగా పడి ఉంది. దాని కింద కరెంటు తీగలున్నాయి. ఎవరూ ముట్టుకోకూడదన్నారు. ఇక మిగిలింది వెనక గేటు, మధ్యలో ఆ మైదానం. గడ్డి మోకాళ్ళ దాకా ఉంది. క్లబ్‌హౌస్ మెట్ల దగ్గర ఒక కుక్క నోటివెంట నురగతో చచ్చిపడి ఉంది. దాని పక్క నుంచి గడ్డిలోకి జారిపోతున్న రక్తపింజరను రమణ్‌భాయ్ కళ్ళారా చూశాడు.

మధ్యాహ్నం దాటాక ఆక్సిజన్ సిలిండర్ల టెంపో వెనక గేటుకు వచ్చింది. ఇద్దరు మనుషులు ఒక సిలిండర్‌ను తోపుడుబండి మీద ఎక్కించి గడ్డిలోకి దింపారు. నాలుగు బారలు వెళ్ళకుండానే చక్రాలు గడ్డి చుట్టుకుని కదలలేదు. భుజాన మోయండన్నారు ఎవరో. వాళ్ళ కాళ్ళకు హవాయి చెప్పులున్నాయి, పాము సంగతి అప్పటికే విన్నారు. ఇద్దరూ వెనక్కి వచ్చి గేటు బయట నిలబడ్డారు. కొడవళ్ళతో కోద్దామన్నా ఆ గడ్డిలో వంగి చేయి పెట్టేవాళ్ళెవరు? టెంపో డ్రైవరు ఇంకో ఆసుపత్రికి వెళ్ళాలని తొందరపెడుతున్నాడు. అటువైపు క్లబ్‌హౌస్ వరండాలో తెల్ల పీపీఈ సూటు వేసుకున్న మనిషి రెండు చేతులూ ఊపుతున్నాడు. రమణ్‌భాయ్ నా మొహం చూశాడు. నేను షెడ్డుకు పరుగెత్తాను.

ట్యాంకు మూత తీయగానే ఆ పులిసిన వాసన వచ్చింది. తాడు లాగాను. ఏమీ లేదు. మళ్ళీ మళ్ళీ లాగాను. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. మేడం పేరు. ఆ వెనక కిటికీలోంచి బండి ఆగిపోవడం చూసి ఉంటారు.

"షెడ్డు... తెరిచావా?" ఆమె గొంతు కాదది, గాలిలో తేలి వచ్చినట్టుంది.

"తెరిచిన మేడం. పెట్రోలు ఖరాబైంది. స్టార్టు అయితలేదు."

"లాగకు ఇంక. వైరు తీసి కట్టు. పెట్రోలు... పారబొయ్యి. కార్బురేటర్ గిన్నె... విప్పు."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. వైరు తీసి కట్టాను. ఇంజన్ పక్కన గుడ్డుపెంకులాంటి చిన్న గిన్నె ఉంటుంది, దాన్ని ఒకే ఒక్క బోల్టు పట్టి ఉంచుతుంది. విప్పితే లోపల తేనె రంగు జిగురు పేరుకుని ఉంది. ఆ బోల్టులోనే సూదిమొనంత కన్నం, పెట్రోలు పోయేది దానిగుండానే. అది మూసుకుపోయింది. పాత కరెంటు వైరులోంచి ఒక్క రాగిపోగు లాగి, ఆ కన్నంలో దూర్చి తిప్పాను. వెలుతురుకు ఎత్తి చూశాను, కనపడలేదు. మళ్ళీ తిప్పాను. బయట టెంపో హారన్ ఆగకుండా మోగుతోంది. డ్రైవరు షెడ్డు గుమ్మంలోకి వచ్చి, "భయ్యా, మైఁ నికల్ రహా హూఁ" అన్నాడు, ఇక తాను వెళ్ళిపోతున్నానని. నేను తల తిప్పేసరికి బోల్టు చేజారి కింద పడింది. ఫోన్‌లో మేడం ఊపిరి తప్ప ఏమీ వినబడటం లేదు. ఆమె ఏమైనా అంటారేమో, ఎంతసేపు అని అడుగుతారేమో అని చూశాను. అడగలేదు. నేల మీద తడిమి బోల్టు వెతుక్కుని ఈసారి ఎత్తి చూస్తే కన్నంలో చిన్న వెలుగు చుక్క కనిపించింది.

రమణ్‌భాయ్ తన బైకు పైపు ఊడదీసి సీసాలోకి పట్టిన పెట్రోలు తెచ్చాడు. అతని గంబూట్లు కూడా విప్పి నాకిచ్చాడు. వైరు పెట్టి తాడు లాగాను. దగ్గింది, ఆగింది. మళ్ళీ లాగాను. దగ్గి, గుర్రుమని, నల్లపొగ వదిలింది.

"చోక్... వెనక్కి," అన్నారు మేడం జేబులోంచి. తీశాను. ఇంజన్ ఈసారి ఆగకుండా నడిచింది.

అంత గడ్డి ఆ మిషన్ కోయాల్సింది కాదు. చక్రాల ఎత్తు పూర్తిగా పెంచి, కడ్డీని కిందికి నొక్కి ముందుభాగం పైకి లేపి, గడ్డి నెత్తి మీద నెమ్మదిగా దింపుతూ, కొంచెం కొంచెం కొరికిస్తూ వెళ్ళాలి. ఒక అడుగు ముందుకు, అరడుగు వెనక్కి. కాలి పక్క గడ్డి కదిలినప్పుడల్లా గాలేనా అని చూసుకుంటున్నాను. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మైదానం మధ్యకు వచ్చేసరికి ఇంజన్ గొంతు బరువెక్కి, ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది.

అప్పుడు రెండువైపుల నుంచీ కేకలు. వరండా మీద నుంచి ఒకరు, గేటు నుంచి ముగ్గురు. ఏం జరిగింది, ఎందుకాపావు, తొందరగా, జల్దీ. వాళ్ళ కేకల్లో నాకు మాటలు వినపడటం మానేశాయి. నాకు తెలిసిందల్లా కింద ఒక గుప్పెడు గడ్డి ఇరుక్కుంది, చేయి పెట్టి లాగితే వస్తుంది, క్షణం పని. మిషన్‌ను వంచాను. చేయి ముందుకు పోయింది.

"ఆగింది," అన్నారు మేడం. చప్పుడు ఆగడం విన్నారు.

"గడ్డి వట్టింది మేడం."

"వైరు." తర్వాత చాలాసేపు ఊపిరి. "కంగారు లేదు మల్లేశం... నేనున్నాను. నెమ్మదిగా."

చేయి వెనక్కి తీసుకున్నాను. వైరు పీకాను. గుడ్డపేలిక ముడి పడటం లేదు. పట్టుబట్టి వేశాను. పక్కనున్న కర్ర తీసుకుని బ్లేడు కింద పెట్టి గడ్డిని తోశాను. ముద్ద ఊడింది. అదే క్షణాన బ్లేడు, లోపల బిగబట్టిన బలంతో సర్రున సగం చుట్టు తిరిగి, నా చేతిలోని కర్రను ఎగరగొట్టింది. వైరు లేదు కాబట్టి అక్కడితో ఆగింది. ఆ కర్ర ఉన్నచోట నా వేళ్ళుంటే అని ఆలోచించే తీరిక అప్పుడు లేదు. వైరు పెట్టి, తాడు లాగి, మెట్ల దాకా కోసుకుంటూ వెళ్ళాను. నా వెనకే, నేను కోసిన ఆ సన్నటి దారిలో తోపుడుబండి వచ్చింది. ఒకదాని వెనక ఒకటిగా సిలిండర్లన్నీ లోపలికి వెళ్ళాయి. రక్తపింజర మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. నేను మెట్ల దగ్గర కూలబడి, జేబులోంచి ఫోన్ తీసి చూస్తే కాల్ ఎప్పుడో ఆగిపోయి ఉంది.

ఆ రోజు క్లబ్‌హౌస్‌లో ఉన్నవాళ్ళంతా బతికారని చెప్పలేను. తర్వాతి రోజుల్లో కొందరు పోయారు. మేడంను నగరంలో పెద్దాసుపత్రికి మార్చారు. ఆమె ఉన్నారో లేరో తెలియకుండా గడిచిన రోజుల్లోనే ఒకసారి జిగ్నాబెన్ గేటు దగ్గర నిలబడి మాస్కు దించుకుని టీ తాగుతూ ఒక మాట చెప్పింది. ఆ మధ్యాహ్నం మేడం మంచం దగ్గరి సిలిండర్ మీటరు ముల్లు ఎర్రగీత కిందికి దిగిపోయింది. మార్చడానికి లోపల నిండుది ఒక్కటి కూడా లేదు. ఆమెకు ఆ సంగతి తెలుసు, ముల్లు ఆమె కళ్ళ ఎదురుగానే ఉంది. "ఫోన్ నాకివ్వండి, తొందరగా కానిమ్మని ఆ అబ్బాయికి చెబుతానన్నాను," అంది జిగ్నాబెన్. "చేయి అడ్డం పెట్టుకుని ఇవ్వలేదు. లాక్కోబోతే కళ్ళెర్ర చేసింది."

నేను గేటు వదిలి షెడ్డులోకి వెళ్ళి, ట్యాంకులో మిగిలిన పెట్రోలు పారబోశాను.

మేడం వానాకాలం మధ్యలో తిరిగొచ్చారు. సగమయ్యారు. నాలుగడుగులు వేసి గోడ పట్టుకుని నిలబడేవారు. షెడ్డుకు వచ్చి మిషన్‌ను వంచమన్నారు, వైరు తీసి వంచాను. కింద ఆనాటి గడ్డి ఎండి అట్టకట్టి ఉంది. కడగలేదేమని కోప్పడ్డారు. నేను ఉండబట్టలేక, గాలి అయిపోతున్నదని నాకెందుకు చెప్పలేదు మేడం అని అడిగాను. ఆమె స్టూలు మీద కూర్చుని ఊపిరి కూడదీసుకున్నారు.

"చెప్పి ఉంటే నువ్వేం చేసేవాడివి?"

నేను మిషన్ కింద అట్టకట్టిన గడ్డి వైపు చూశాను.

"చెయ్యి పెట్టేవాడివి," అన్నారు. అని, కడగడానికి నీళ్ళు తెమ్మన్నారు.

ఊపిరితిత్తులు పూర్తిగా కోలుకోలేదు. మరుసటి ఏడాది ఉద్యోగం మానేసి సామర్లకోటలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ మిషన్‌ను కొత్త అధికారి తుక్కుకు వేశారు. నేను అక్కడే ఉండి ఇంకొన్నాళ్ళు పనిచేసి, తర్వాత కామ్‌రేజ్‌లో ఈ షెడ్డు తీసుకున్నాను. ఇప్పుడు నా దగ్గర ఇద్దరు మనుషులు పనిచేస్తారు. పెళ్ళిళ్ళకు లాన్లు అద్దెకిచ్చేవాళ్ళూ సొసైటీ సెక్రటరీలూ ఫోన్ చేసి సాయంత్రానికల్లా కావాలని గట్టిగా అరుస్తారు. ఆ ఫోన్లు నేను షెడ్డు బయట రోడ్డు మీదికి వెళ్ళి మాట్లాడతాను. తిరిగి లోపలికి వచ్చేటప్పుడు నా మొహం మామూలుగా పెట్టుకుంటాను. ఎవరు ఫోన్ అన్నా అని వాళ్ళు అడిగితే, ఏం లేదురా, నీ పని నువ్వు చూసుకో అంటాను. అవతలివాళ్ళ తొందర ఇవతలివాళ్ళ చేతుల దాకా పోకూడదు. దాన్ని నా దగ్గరే ఆపుకోవడం తేలికేం కాదు. అయినా ఆపుకుంటాను.

ఆదివారాలు మేడంకు ఫోన్ చేస్తాను. పాప బడి గురించీ, లావణ్య గురించీ అడుగుతారు, షెడ్డుకు కొత్తగా ఏ మిషన్ వచ్చిందని అడుగుతారు. రెండు మూడు మాటలకొకసారి గాలి చాలక ఆగిపోతారు. ఏ మాట కోసం ఆగారో నాకు చాలాసార్లు ముందే తెలిసిపోతుంది. అయినా అందించను. ఆమె ఊపిరి తీసుకుని తానే ఆ మాట చెప్పేదాకా, ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే ఉంటాను.